గురువారం ఉతుకు

గురువారం సాయంత్రం
కొయ్య మినారు నీడ వాగు దాటి
అవతలి ఒడ్డు తాకే వేళకు
గుమ్మం పక్క బుట్టను కిందికి దింపుతాను.
వారమంతా పరాయి తలల్ని మోసిన గుడ్డలు,
పదిహేడు తలగుడ్డలు, నాలుగు లంగాలు,
నిక్కర్లతో వచ్చే మగవాళ్ళ మోకాళ్ళకని రెండు లుంగీలు.

సబ్బునీళ్ళలో వేస్తే ఒక్కొక్కటీ నోరు విప్పుతుంది.
ఇది కట్టుకున్నావిడ ఎండలో కోట దిగి వచ్చింది,
అంచు పొడుగునా చెమట ఉప్పు.
దీనికి పెదవిరంగు.
ఈ పచ్చదానిలో ఒక తెల్లవెంట్రుక, మూరెడు.
దీని ముడి ఇంకా విప్పనే లేదు,
గొంతుకింద అంత బిగించి కట్టుకుంది ఎవరో,
భయపడుతూ.

నా పేరు హస్నియా.
ట్రావ్నిక్ పై బజారులో ఈ చిన్న మసీదు వాకిట్లో
ఇరవై రెండేళ్ళుగా నాదొక ముక్కాలిపీట.
ఇమామును కాను, గైడును అసలే కాను.
"బూట్లు ఇక్కడ" అన్న మాటొక్కటి
ఏడు భాషల్లో వచ్చు.
కుడికాలు ముందు పెట్టాలని మా అత్త నేర్పింది.
వచ్చినవాళ్ళకు నేనది చెప్పను.
ఏ కాలైనా ఫరవాలేదు,
మడమ మట్టి మాత్రం తివాచీకి అంటకూడదు,
అక్కడ నుదురు ఆనుతుంది.
ఈ ముక్క చెబితే చాలు,
తక్కినదంతా వాళ్ళకే తెలిసిపోతుంది,
చాలామందికి.

మొన్న ఒక అమ్మాయి, పొట్టి నిక్కరు,
నా చేతిలో లంగా చూసి చెవులదాకా ఎర్రబడింది.
తప్పు నీది కాదే తల్లీ, ఎండది, అన్నాను మా భాషలో.
నడుం దగ్గర ముడి వేస్తుంటే
చేతులు పైకెత్తి నిలబడింది,
స్నానానికి సిద్ధమైన పసిపిల్లలా.

ఇంకొకావిడ సరిగ్గా అజా వేళకు వచ్చింది.
వెళ్ళిపోనా అని కళ్ళతో అడిగింది.
వెనక గోడ చూపించాను.
నమాజు అయ్యేదాకా అక్కడే కూర్చుంది,
బూట్లను పిల్లికూనల్లా ఒళ్ళో పెట్టుకుని.
అరలో పెట్టొచ్చని చెప్పడం మరిచాను.

ఫోటోల సంగతి వేరు.
గోడల్ని తీసుకోండి, ఆ గోడమీద గీసిన ద్రాక్షతీగల్ని తీసుకోండి.
వంగిన మనిషిని తియ్యకండి.
అతను ఇక్కడ లేడు.
లేని మనిషిని అడగడం ఎలా?

ఇంతవరకూ చెప్పి ఆగిపోతాను.
మా ఇంట్లో పిండిడబ్బా వెనక
ఒక ఫోటో ఉంది.

పాత ఊళ్ళో ఇల్లు కాలినప్పుడు ఆల్బములన్నీ పోయాయి.
ఆ తరవాత రాసిమ్ కెమెరా ముందు నిలబడలేదు,
పోయేదాకా.
పోయిన ఏడాదికి ఒక కవరు వచ్చింది,
స్టాంపు మీద నేను ఎరగని పక్షి.
లోపల రాసిమ్, సజ్దాలో, వెనకనుంచి.
ముఖం లేదు.
బట్టతల కూడా లేదు.
రెండు పాదాలు, ఊదారంగు మేజోళ్ళు,
ఎడమ మడమ దగ్గర రూపాయంత చిరుగు.
కుడతానన్నాను ఆ వారం.
కుట్టలేదు.

వెనక రాసిన ఒక్క వాక్యం
రొట్టెలకొట్టు ఎమీరా చదివి పెట్టింది:
"అడగాలని అప్పుడు తెలియలేదు, క్షమించండి."
క్షమించానో లేదో నాకు తెలియదు.
జవాబు రాయలేదు.
పారెయ్యనూ లేదు.

గుడ్డలు పిండి తీగ మీద ఆరేస్తాను.
పొద్దున్నకల్లా ఆరాలి, రేపు జుమా.
మడతపెట్టి బుట్టలో సర్దుతాను,
పచ్చది పైన, పచ్చదే అందరూ అడుగుతారు.
ఎవరో ఒకరు వస్తారు,
వంగిన వీపుల వైపు కెమెరా ఎత్తుతారు,
నేను చెయ్యి అడ్డం పెడతాను.
ఎప్పుడూ పెడతాను.
ఈమధ్య
ఒక్క ఊపిరి ఆలస్యంగా.